పేపరోడి ముక్కు మీద ముగ్గుపిండి

ఒక మనిషి చేత మా ఊరి నడివీధిలో ముక్కు నేలకు రాయించాను. రాయించినందుకు ఇప్పటికీ నాకు ఇసుమంత బాధ లేదు. తలచుకున్నప్పుడల్లా కడుపు చల్లగా ఉంటుంది. ఇంకాస్త గట్టిగా రాయించి ఉండాల్సింది అని కూడా అనిపిస్తుంది. పగ పెట్టుకోవడం మంచిది కాదని నాకు చాలామంది చెప్పారు. అలా చెప్పిన వాళ్లలో ఒక్కరి ఇంటి గురించీ పేపర్లో రాలేదు. వాళ్లకేం, చెబుతారు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సముద్రపు ఒడ్డున ఒక పల్లె. ముందు సముద్రం, వెనక జీడితోటలూ కొబ్బరితోటలూ. తోటలు మావి కావు. మాది అలివి వల బతుకు. ఆ వలను నావలో తీసుకెళ్లి నీళ్లలో చుట్టూ దింపుతారు. రెండు కొసల తాళ్లనూ ఒడ్డు మీద జనం రెండు వరసలుగా నిలబడి లాగుతారు. ఇద్దరూ ముగ్గురూ కలిసి లాగే వల కాదది, ఊరు ఊరంతా కావాలి. చేపల మంద కనపడగానే కులపెద్ద వీధి వెంట నడుస్తూ ఒక్కో గడప దగ్గరా ఆగి వరస పెట్టి పిలుస్తాడు. "బావా, వలకి రా." "తమ్ముడా, లెగు." ఆ పిలుపు అందుకున్నవాడే తాడు పట్టాలి, తాడు పట్టిన చేతికే వాటా. పిలవకుండా వెళ్లి తాడు ముట్టుకుంటే తప్పు. తాతల నాటి నుంచీ అదే కట్టుబాటు.

మా నాన్న చేతిని ఆ తాడు మీద నుంచి తీయించేశారు. పేపర్లో వచ్చిన నాలుగు ముక్కలు విని తీయించేశారు. దానికి కారణం నేనూ, నా కుతూహలమూ అని ఊరు అంది. కుతూహలం నాదే, ఒప్పుకుంటాను. మిగతాది ఎవరిదో చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. నేను టెక్కలిలో డిగ్రీ చదువుతున్నాను, హిస్టరీ. మా ఊళ్లో కేబుల్ టీవీ మొదట పెట్టించింది కులపెద్దే. మా నాన్నకు బావ వరస, నాకు మావ. పెద్దమావ అనేవాళ్లం. ఆదివారం పొద్దున్నే ఏసుప్రభువు మీద తెలుగులోకి మార్చిన సీరియల్ ఒకటి వచ్చేది. ఊరంతా పెద్దమావ అరుగు మీదా, అరుగు కిందా చేరేది. మాలో ఒక్కరూ చర్చికి వెళ్లేవాళ్లు కారు, అందరం గంగమ్మకు కోడిని కోసేవాళ్లమే. అయినా అందులో వలలున్నాయి, నావలున్నాయి, చేపల వాళ్లున్నారు. చూడకుండా ఎలా ఉంటాం?

మా అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని పలాస వీధులన్నీ తిరిగే మనిషి. మొదటిరోజే తేల్చేసింది. "ఈళ్లు సేపలోళ్లేటే? బట్ట మీద మరక నేదు, సేతికి కాయ నేదు. ఈళ్లు ఏ వలా లాగినోళ్లు కారు." అందరూ నవ్వారు. పెద్దమావ మాత్రం నవ్వలేదు. సిలువ వేసిన వారం కండువాతో కళ్లు ఒత్తుకుంటూ "ఆ మహానుబావుడికి ఎంత కట్టమొచ్చిందో" అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి అని నేను అనను గానీ, నేను మాత్రం గుర్తుపెట్టుకున్నాను.

నాకు అక్కడే పురుగు తొలిచింది. టీవీలో చూపించింది సరే, అసలు ఆ చేపల వాళ్లు ఎలా ఉండేవాళ్లు? వల ఎవరు అల్లేవాళ్లు? వాటా ఎలా పంచుకునేవాళ్లు? అన్నిటికన్నా పెద్ద సందేహం ఇంకొకటి. పేపరు లేదు, రేడియో లేదు. ఏదో సరస్సు ఒడ్డున వలలు బాగుచేసుకునే నలుగురి మాట రోమ్ పట్నం దాకా ఎలా వెళ్లింది? మా ఊరి మాట టెక్కలి దాటదే!

మా హిస్టరీ మేష్టారిని క్లాసులో అడిగేశాను. పక్కన కూర్చున్న అమ్మాయి నా జడ లాగింది, సిలబస్‌లో లేదే అని. ఆయనకు మాత్రం ముఖం వెలిగిపోయింది. ఆ గంటంతా అదే చెప్పారు. మొదట్లో వాళ్లు ఇళ్లలోనే చేరి ప్రార్థన చేసుకునేవారట. గుట్టుగా కలుస్తారు కాబట్టి బయటివాళ్లు నోటికొచ్చింది అనేవారట. పిల్లల్ని కోసుకుని తింటారన్నారు, రక్తం తాగుతారన్నారు. పట్నం తగలబడితే వీళ్లే తగలబెట్టారని చక్రవర్తే చాటించాడు, జనం నమ్మారు. "అప్పుడు పేపర్లు లేవమ్మా, వీధి నోరే పేపరు" అన్నారు మేష్టారు. "చరిత్రలో ఏది చదివినా ముందు ఒకటి అడుగు. రాసినవాడు చూసి రాశాడా, విని రాశాడా?"

చేప గుర్తు సంగతి చెప్పింది కూడా ఆయనే. రెండు వంపు గీతలు. ఒక కొస దగ్గర కలిసి, రెండో కొస దగ్గర ఒకదాన్నొకటి దాటితే తోక. ఒకడు నేల మీద ఒక గీత గీస్తే, ఎదుటివాడు రెండోది గీసి నేనూ మీవాడినే అని తెలియజేసేవాడట. "అలా చెబుతారు, రుజువు తక్కువ" అని కూడా అన్నారు. చేపల వాళ్ల పిల్లను కదా, ఆ గీతలు నాకు తెగ నచ్చేశాయి.

ఇంకా తెలుసుకోవాలని కాలేజీ నుంచి బస్సు ఎక్కడానికి వెళుతూ దారిలో ఉన్న చర్చిలోకి ఒకరోజు వెళ్లాను. పాస్టరుగారు పెద్దాయన, మంచివారు. కుర్చీ వేసి కూర్చోబెట్టారు. "చేప సంగతి నాకూ అంతగా తెలీదు తల్లీ" అని నిజం చెప్పి, ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టి పంపించారు. నేను అడిగింది అందులో లేదు. అంతే జరిగింది.

చర్చి గేటుకు ఎదురుగా టీ కొట్టు. ఆ బల్ల మీదే కూర్చునేవాడు ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్‌కు వార్తలు రాసే విలేఖరి. టెక్కలి చుట్టుపక్కల ఎక్కడ ఏం జరిగినా ఆ బల్ల మీద నుంచి లేవకుండానే రాసేవాడు. ఆటోవాళ్లు చెబుతారు, ఈయన రాస్తాడు. జేబుకు రెండు పెన్నులు. ఒక్క పెన్నుకూ దుమ్ము అంటిన దాఖలా లేదు.

కార్తీకమాసం వచ్చింది. పొద్దున్నే కళ్లాపి చల్లి ముగ్గు వేయడం నా పని, ఆ వెంటనే బస్సు అందుకోవాలి. చుక్కలు పెట్టే తీరిక లేక, చేప గీసేశాను. రెండు గీతలు, ముగ్గు అయిపోయింది. అమ్మ గంప కడుక్కుంటూ చూసి "ఏటే ఇది? కన్ను నేదు, పొలుసు నేదు, ఏ సేపే?" అంది. కథంతా చెప్పాను. "బాగుంది, పిండి కలిసొత్తాది" అంది. వీధిలో ఆడపిల్లలు అడిగితే వాళ్లకూ చెప్పాను. మరునాడు ఇంకో రెండు గుమ్మాల ముందు కూడా చేపలు లేచాయి. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. చేపల వాళ్ల వీధిలో చేప ముగ్గు వింతా ఏమైనా?

అది ఏ ఆటో ఎక్కి ఆ టీ కొట్టు చేరిందో గానీ, ఒకరోజు పేపర్లో వచ్చేసింది. తీరప్రాంత పల్లెలో గుట్టుగా మతమార్పిళ్లట. టెక్కలిలో చదువుతున్న ఒక విద్యార్థిని ఇంటి ముందు రహస్య గుర్తులు వేసి అమాయక మత్స్యకారులను ఆకర్షిస్తోందట. దీని వెనక విదేశీ హస్తం ఉన్నట్టు విశ్వసనీయంగా తెలిసిందట. పేరు రాయలేదు. రాయడం ఎందుకు, మా ఊరి నుంచి టెక్కలి డిగ్రీ కాలేజీకి వెళ్లే పిల్ల నేను ఒక్కదాన్నే! విదేశీ హస్తం అంటే ఏమిటో తెలియక మా అమ్మ నా చేతుల వంక చూసింది.

మతం మారడం తప్పని నేను అనడం లేదు. మారాలనుంటే మారి, మారానని నోరు తెరిచి చెప్పే దమ్ము నాకుంది. నేను మారలేదు. తెలుసుకోవాలనుకున్నాను. ఆ రెండిటికీ తేడా తెలియనివాడి చేతిలో పెన్ను పెట్టారు.

పెద్దమావ ఇంటికి పేపరు వచ్చేది. కోడలి చేత చదివించుకుని విన్నాడు. గంగమ్మ గుడి ముందు పెద్దలు కూర్చున్నారు. మా అమ్మ గొంతు చించుకుని చెప్పింది. "అన్నా, నీ అరుగు మీదే కదా అందరం ఆ సీరియల్ సూసినాం. నువ్వు ఏడ్సినావు కూడాను. నా గుంట రెండు గీతలు గీసిందని ఇంతదానికి..."

"టీవీ ఏరు, ఇది ఏరు సెల్లీ" అన్నాడు పెద్దమావ. "పేపర్లో అచ్చేసినారు. ఉత్తినే ఏత్తారేటి? గంగమ్మ తల్లికి కోపమొత్తే నావలు తిరిగొత్తాయా? ఇది తేలినంత వరకూ బావని తాడు ముట్టుకోవద్దనండి."

మాట్లాడడానికి డబ్బులు పడతాయన్నట్టు ఉండే మనిషి నాన్న. లేచి, కండువా దులుపుకుని ఇంటికి వచ్చేశాడు.

మర్నాటి నుంచి పిలుపు మా గడప దాటి పోయేది. చీకటి విడీ విడకముందే పెద్దమావ కంఠం వీధి మొదట్లో వినిపించేది. బావా... తమ్ముడా... దగ్గరికి వచ్చేది. పక్కింటి ముందు ఆగేది. తర్వాత అడుగుల చప్పుడు మాత్రమే మా ఇంటి ముందు నుంచి సాగిపోయి, అవతలి ఇంటి దగ్గర మళ్లీ మాట పుట్టేది. నాన్న అప్పటికే మెలకువతో చాప మీద కూర్చుని ఉండేవాడు. రోజూ కూర్చునేవాడు. ఆ కూర్చోవడం చూడలేక నేను దుప్పటి ముసుగు పెట్టుకునేదాన్ని. ముసుగులో ఆ విలేఖరిని ఎన్నిసార్లు సముద్రంలో ముంచానో నాకే తెలియదు.

ఒడ్డు మీద అమ్మకు చేపలు ఇవ్వడం కూడా మానేశారు. ఆమె బస్సెక్కి భావనపాడు రేవుకు వెళ్లి కొనుక్కుని, అక్కణ్నుంచి పలాస వెళ్లేది. "ఆడి నోట్లో ఇసక పొయ్య, ఆడి పెన్ను ఇరిగిపోను" అని తిడుతూనే గంప ఎత్తేది, తిడుతూనే దించేది. చదువు మాత్రం మానెయ్యమనలేదు. "నువ్వు మానేత్తే ఆడు రాసిందే నిజమైపోద్ది. ఎల్లు" అంది.

ఉండబట్టలేక టీ కొట్టుకు వెళ్లాను. ఆ వార్త తప్పండీ, ఆ అమ్మాయి నాకు తెలుసు, సరిచేసి రాయండి అన్నాను. ఆయన క్యారమ్స్ ఆడుతున్నాడు. తల ఎత్తలేదు. "పేపరుకెక్కింది ఇంక దిగదమ్మా" అన్నాడు, స్ట్రైకర్ సర్దుకుంటూ. పక్కనున్నవాళ్లు కిసుక్కుమన్నారు. సరే నాయనా, ఎక్కించిన చేత్తోనే నీ చేత దింపిస్తాను అనుకున్నాను. ఆ రోజు బస్సులో ఇంటికి చేరేదాకా పళ్లు నూరుతూనే ఉన్నాను.

దారి ఆ పేపరు వాళ్లే చూపించారు. ధనుర్మాసంలో అదే పేపరు పలాసలో ముగ్గుల పోటీ పెట్టింది. హైస్కూలు మైదానం, షామియానా, మైకు, జీడిపిక్కల వ్యాపారుల భార్యలు న్యాయనిర్ణేతలు. పోటీ నడిపించేవాళ్లలో మన క్యారమ్స్ వీరుడు కూడా ఉన్నాడు, కెమెరా మెళ్లో వేసుకుని.

నేను గీసింది అదే చేప. నా గడప ముందు గీసిన ఆ రెండు గీతల చేపే. మధ్యలో పెద్దది ఒకటి, దాని చుట్టూ చిన్నవి, వాటి చుట్టూ ఇంకా చిన్నవి, వలలో పడ్డ మందలా. ముగ్గుపిండీ నీలం రంగూ తప్ప ఇంకేమీ వాడలేదు. పక్కవాళ్లు నెమళ్లనూ కలశాలనూ నానా రంగులతో నింపేశారు. మొదటి బహుమతి నాకే వచ్చింది. స్టీలు బిందె ఇచ్చారు.

ఆయన నా ఫొటో తీసి "ఏ ఊరమ్మా?" అని అడిగాడు. ఊరి పేరు చెప్పి ఆయన ముఖంలోకి చూశాను. ఏమైనా మారుతుందేమోనని. మారలేదు. రాసుకున్నాడంతే. మా ఇంటి పొయ్యి ఆర్పేసిన సంగతి మరిచేపోయాడు! చెడ్డవాడైతే ఇంకా బాగుండేది. ఏడ్చి పారేద్దామన్నంత కోపం వచ్చింది. నవ్వు ముఖం పెట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు పేపర్లో నేను, నా చేపలు. "మన తీర సంస్కృతికి అద్దం పట్టిన చేప ముగ్గు" అని రాశాడు. రహస్య గుర్తు సంస్కృతి అయిపోయింది. పై ఆదివారం మా ఊరు వచ్చి, విజేత ఇల్లు చూసి ప్రత్యేక కథనం రాస్తానని ఫొటో తీసినప్పుడే చెప్పాడు. "రండి సార్, తప్పకుండా రండి" అన్నాను. జీవితంలో ఎవరినీ అంత మనస్ఫూర్తిగా పిలవలేదు.

ఆదివారం పొద్దున్నే నడివీధిలో, గుడికి ఎదురుగా, అదే ముగ్గు వేశాను. పేపరాయన వస్తున్నాడని పెద్దమావ ఇస్త్రీ పంచె కట్టాడు. తన ఫొటో కూడా పడుతుందేమోనని తల దువ్వుకుని రెండుసార్లు వచ్చి చూసిపోయాడు. మగవాళ్లు గుడి నీడన వలలు కుట్టుకుంటున్నారు. నాన్న వాళ్లకు ఎడంగా, మా గోడ పక్కన కూర్చున్నాడు. విలేఖరి మోటారుసైకిలు ఊరి మొదట్లోనే ఇసుకలో కూరుకుపోయింది. దాన్ని వదిలేసి, చెమటలు కక్కుతూ నడిచొచ్చాడు. మా ఊరి ఇసుక మీద ఆయన కాలు పడడం అదే మొదలు.

ఫొటోలు తీసుకోనిచ్చాను. కొబ్బరిబోండం ఇచ్చాను. తాగాక అడిగాను. "సార్, ఈ ముగ్గు గొప్పతనం మా పెద్దమావకి మీ నోటితో చెప్పండి."

గొంతు సవరించుకుని చెప్పాడు. గంగమ్మ తల్లి బిడ్డల తరతరాల కళ అన్నాడు. సముద్రానికి చేసే పూజ అన్నాడు. పెద్దమావ తల ఊపుతూనే ఉన్నాడు. అప్పుడు నా దగ్గరున్న పాత పేపరు ముక్క విప్పి గట్టిగా చదివాను. గుట్టుగా దగ్గర నుంచి విదేశీ హస్తం దాకా, అక్షరం వదలకుండా చదివాను.

"ఆ రహస్య గుర్తు ఇదే సార్. మీ కాళ్ల దగ్గరున్నదే. ఇది రాసిందెవరు?"

వలలు కుట్టే చేతులు ఆగిపోయాయి. ఆయన ముగ్గు వంక చూశాడు, నా వంక చూశాడు. "అది... మాకు సమాచారం వచ్చింది..."

"చూసి రాశారా, విని రాశారా?"

"విన్నాం."

"ఎవరు చెప్పగా?"

"అక్కడ టీ కొట్టు దగ్గర అనుకుంటుంటే..."

అంతే, మా అమ్మ గంప కింద పడేసి వచ్చింది. "ఓలమ్మా! టీ కొట్టు కాడ అనుకుంటంటే నా మొగుడి సెయ్యి తాడు మీంచి తీయించీసినావురా? నా గుమ్మం మీద మన్ను పోసీసినావురా? మొన్న దెయ్యం ముగ్గన్నావు, నేడు దేవుడి ముగ్గంటన్నావు. నీది నోరా, ఇంకేటన్నానా?"

పెద్దమావ లేచాడు. ఆయన కోపం మా మీద జాలితో వచ్చింది కాదు, నాకు తెలుసు. పేపరు మాట పట్టుకుని తీర్పు చెప్పినవాడు ఊరందరి ముందూ వెర్రివాడు అయిపోయాడు, అదీ కోపం. "మా కులంలో అబద్ధమాడినోడు తప్పు కట్టాల" అన్నాడు. "గుడి ముందు ముక్కు నేలకి రాయాల."

"నేను ప్రెస్! ఏమనుకుంటున్నారు?" అని అరిచాడు విలేఖరి.

"అలాగా? మరి ఎల్లు బాబూ, ఆపమేటి" అన్నాడు పెద్దమావ. "ఇసకలోంచి బండి నువ్వే తోసుకో."

ఆయన బండి వైపు చూశాడు. ఇరుసు దాకా దిగబడి ఉంది. చుట్టూ చూశాడు, ఒక్కరూ కదల్లేదు. ఎండ నెత్తికెక్కుతోంది. చివరికి మెళ్లో కెమెరా వెనక్కి తోసుకుని వంగాడు. మోకాళ్ల మీద కూర్చుని నా చేప మీద ముక్కు ఆనించాడు.

"తోక దాకా సార్" అన్నాను. "మధ్యలో ఆపితే ముగ్గు చెడుతుంది."

తోక దాకా రాశాడు. లేచేసరికి ముక్కు మీదా మీసం మీదా ముగ్గుపిండి, కొంచెం నీలం. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. నేనైతే కడుపు పట్టుకుని నవ్వాను, కళ్ల వెంట నీళ్లు వచ్చేదాకా నవ్వాను. అప్పుడు బండి తోశారు. మళ్లీ ఆయన మా ఊరి గురించి ఎక్కడా రాయలేదు.

ఆ రాత్రి తృప్తిగా నిద్రపోయాను. నా లెక్క తేలిపోయిందనుకున్నాను. తెల్లవారకముందే పెద్దమావ కంఠం వీధిలో వినిపించింది. ఈసారి మా ఇంటి దగ్గర కూడా ఆగింది.

"బావా, వలకి రా."

నాన్న ఎప్పటిలాగే మెలకువతో కూర్చునే ఉన్నాడు. లేచి తలుపు తీశాడు. అమ్మ పరుగున వెళ్లి కండువా తెచ్చింది. నాన్న గుమ్మం దాటలేదు.

"నాను రాను బావా" అన్నాడు. "పేపరు సదివి నన్ను ఆపినారు. పేపరు సదివే పిలుత్తన్నారు. ఎపుడైనా నన్ను సూసి పిలు. అప్పుడొత్తాను."

"అదేటి బావా!" అన్నాడు పెద్దమావ. "నిన్ను సూసి కాకపోతే ఎవల్ని సూసి పిలుత్తన్నాను?"

"నీ సంకలో ఏటది?"

పెద్దమావ కిందికి చూసుకున్నాడు. నా ఫొటో పడిన పేపరు మడిచి చంకలో పెట్టుకుని వచ్చాడు. మాకు చూపించి సంతోషపెడదామని కాబోలు. తీసి చేత్తో పట్టుకున్నాడు గానీ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. విలేఖరి వంగినప్పుడు వచ్చిన నవ్వు నాకు అప్పుడు రాలేదు. మా ఊరి మీద నాకున్న కసి, నాకే తెలియకుండా ఇన్నాళ్లూ గొంతులో ఉన్నది, ఒక్కసారిగా దిగిపోయింది.

నాన్న అమ్మ చేతిలోని కండువా అందుకుని భుజాన వేసుకున్నాడు. పెద్దమావను తప్పించుకుని వీధిలోకి దిగి, భావనపాడు బస్సు వైపు నడిచాడు. ఆ రోజు మొదలు పరాయివాళ్ల బోటు మీద కూలికే వెళ్లాడు. మా ఊరి తాడు ఇంకెప్పుడూ ముట్టుకోలేదు. ఆ తెల్లవారుజామున, అప్పటికే పిలుపు అందుకుని తాడు పట్టి నిలబడ్డవాళ్లు ఒడ్డు మీద నుంచి పెద్దమావను రమ్మని కేకలు వేస్తున్నారు. ఆయన మాత్రం ఆ పేపరు పట్టుకుని మా గుమ్మం ముందు అలాగే నిలబడి ఉన్నాడు.